ఇనుము మాట్లాడుతదా?

మహబూబాబాద్
ఆగస్టు, ముసురు రోజు

దేవ్యా అన్నా,

ఈ ఉత్తరం కూర్చొని చదువు. నిలబడి చదివితే నవ్వి కింద పడతవ్, లేకపోతే కోపానికి బస్సెక్కి వస్తవ్. రెండూ నీ మోకాళ్లకు మంచివి కావు.

నేను సబ్‌మెరైన్ కడుతున్న.

మా ఇంటామె గుల్షన్ కూడా నవ్వింది. "స్కూటర్ ఎక్కనీకే ఆయాసపడ్తవ్, నీకు నీళ్ల కింద పోయే బండి కావాల్నా?" అన్నది. అయినా చాయ్ పెట్టిచ్చింది. అంటే సగం ఒప్పుకున్నట్టే.

నీకు తెలుసు గదా నా పని. కాలిన బోరు మోటర్ వస్తది, వైండింగ్ చేస్త, మళ్లీ కిందికి పంపుత. ఇట్ల ముప్పై ఏళ్లు పంపిన. మా మహబూబాబాద్ చుట్టూ భూమి కింద నా చేతి మోటర్లే తిరుగుతున్నయి. అవి పోయే చోటు ఎట్లుంటదో నేను మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్కోసారి కలలో అన్ని బోర్లు కింద కలిసిపోయి ఒకటే పెద్ద చెరువు అవుతది. నేను దాంట్లో మెల్లగా పోతుంటే నా మోటర్లన్నీ నన్ను గుర్తుపట్టి గుర్రుమంటయి.

పోయిన వారం జనగామ పోయిన. ఐటీఐ చదివేటప్పుడు మనం గోడ దూకి పోయి రాళ్లు పేల్చుడు చూసేటోళ్లం, ఆ గ్రానైట్ క్వారీ యాది ఉందా? ఇప్పుడది జయపాల్ అనేటాయన చేతిలో ఉంది. రాయి అయిపోయింది, పని ఆగింది, వాన నీళ్లు నిండినయి. మోటర్ బాగుచెయ్యమని పిలిస్తే పోయి, పనంతా మర్చిపోయి గట్టు మీద కూర్చున్న. అన్నా, మధ్యాహ్నం ఎండ ఆ నీళ్లలోకి నిట్టనిలువుగా దిగుతున్నది. ఎక్కడ ఆగుతదో కనబడలేదు. అది ఆగే చోటు చూడాలె నేను. అంతే.

రాళ్లెత్తే క్రేన్ జయపాల్ దగ్గర ఇంకా ఉంది. ఇద్దరు పట్టేంత డబ్బా, ఒక కిటికీ, నలభై అడుగుల లోతు. మిగిలిందల్లా ఒకటే ప్రశ్న: నీళ్లను బయటనే ఆపే ఆ డబ్బా గోడ దేంతో చెయ్యాలె? ఇండ్ల మీద పెట్టే నల్ల ట్యాంకా, బావిలో దించే సిమెంటు రింగులా, ఇనుమా? నువ్వు బతుకంతా బొగ్గు గనిలో, గుట్టను మోసే దుంగల కింద నిలబడ్డోనివి. బరువు సంగతి నీకంటే ఎవరికి తెలుసు?

ఫోన్ చేద్దామంటే, గనిలో ఆ పేలుడుకు నీ చెవి పొరలు చినిగినప్పటి నుంచి ఫోన్ నీకు ఉత్త డబ్బా. అందుకే కాగితం. జల్ది రాయి.

నీ అకీల్

* * *

భూపాలపల్లి
ఆగస్టు చివర

అకీల్,

నవ్వలేదు. అన్నం తింటుంటే వచ్చింది నీ ఉత్తరం. ముద్ద చేతిలోనే ఆగింది. కమ్లీ ఏమైందని సైగ చేస్తే "అకీల్‌కు పిచ్చి లేసింది" అన్న. ఆమె ఏమన్నదో నాకు వినబడలేదు, గాని నిన్ను వెనకేసుకొచ్చినట్టే ఉన్నది.

కింద ఎట్లుంటదో చూడాలని సరదానా? నన్ను అడుగు, నేను చెప్త. కింద చీకటి ఉంటది. తడి ఉంటది. పైన ఉన్నోళ్లు యాదికొస్తరు. ఆ సరదా నాకు తీరిపోయింది, నీ వంతుది కూడా నేనే తీర్చుకున్న అనుకో.

నీళ్ల బరువు నీకు తెల్వదు. ముప్పై మూడు అడుగులు దిగితే బొటనవేలి గోరంత జాగ మీద కిలో బరువు కూర్చుంటది. నీ డబ్బా మీద ఎన్ని గోర్లు పడతయో నువ్వే లెక్క చేసుకో.

అయినా అడిగినవు కాబట్టి చెప్త. కట్టె. కట్టె తప్ప ఏదీ వద్దు. గనిలో కప్పు కింద దుంగలు నిలబెట్టేటోళ్లం మేము. బరువు ఎక్కువైతే దుంగ ముందుగాల మూలుగుతది. తర్వాత చిటపటమంటది. ఆ మాట విని మేము ఉరికేటోళ్లం. దుంగ విరిగేది, మనుషులు బతికేది. తర్వాత ఇనుప సపోర్టులు వచ్చినయి. బలమైనవే, కాదనను. గాని ఇనుము మాట్లాడదు. నిన్న నిలబడ్డట్టే ఇయ్యాల నిలబడతది, చెప్పకుండా చెయ్యకుండా వంగిపోతది.

ముదిరిన టేకు తే. అరచెయ్యి మందం ఉండాలె. ఒక్క కణుపు కూడా ఉండొద్దు. దొరికినంక చెప్పు.

దేవ్యా

* * *

మహబూబాబాద్
అక్టోబర్

అన్నా,

కణుపు లేని టేకు కావాలంటే కేసముద్రంలో కట్టెకోత మిషనాయన నన్ను కింది నుంచి పైదాకా చూసిండు. "గసొంటి చెట్టును దేవుడు ఇంకా పుట్టియ్యలే, పుట్టిస్తే కబురు చేస్త" అన్నడు. పోనీ అని ముందుకు పోయిన.

నల్ల ట్యాంకుతో మొదలుపెట్టిన. సోమనర్సయ్య అని నాకు తెలిసిన రైతు, ఆయన పెద్ద బావి ఇచ్చిండు. ట్యాంకు మూత బిగించి, వలలో రాళ్లు కట్టి కిందికి గుంజినం. కొంచెం దిగిందో లేదో లోపల నుంచి ధబ్బుమని ఒక సప్పుడు. పైకి తీస్తే ఎండిన నిమ్మకాయ. సోమనర్సయ్య దాన్ని చూసి, నన్ను చూసి, "లోపల నువ్వు లేవు గదా?" అని అడిగిండు. మనిషి జర నెమ్మది.

తర్వాత సిమెంటు రింగులు. అతికి, మూతలేసి దించినం. పగలలేదు, శభాష్ అనుకున్న. సాయంత్రం తీసి చూస్తే సగం దాకా నీళ్లు. చెమట పట్టినట్టు మెల్లగా ఊరినయట. లోపల కూడా నీళ్లలోనే కూర్చోవాలంటే సబ్‌మెరైన్ ఎందుకు, బావే చాలు.

ఇగ ఇనుము. నీకు కోపం వస్తది, అయినా చెప్త. మూతపడ్డ రైస్ మిల్లు బాయిలర్ డ్రమ్ము ఒకటి పాత సామాన్ల యార్డులో దొరికింది. రెండు దిక్కులా మూతలు గుండ్రంగా ఉబ్బి ఉన్నయి, రేకు నా చిటికెన వేలంత మందం. బేరం చేస్తుంటే వాన వచ్చి దాంట్లోకి దూరిన. దూరి, పండుకొని, నిద్రపోయిన! అమ్మేటోడు మనిషి పోయిండనుకొని వెతుకుతున్నడు. నాకు మాత్రం కలలో క్వారీ. ఎండ నిచ్చెన లెక్క దిగుతుంటే దాని పక్కనే నేను కూడా దిగుతున్న, తడవకుండా.

లేచినంక మోటర్ బేరింగ్‌ను వినేటట్టు దాన్ని విన్న. స్క్రూడ్రైవర్ మొన ఇనుముకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఒత్తిపెట్టి. మా మెకానిక్కులందరం అట్లనే వింటం. దూరంగా రోడ్డు మీద లారీ పోతుంటే డ్రమ్మంతా గొణుగుతున్నది, వాన చినుకు చినుకు లెక్కపెడుతున్నది. ఇనుము మాట్లాడదని ఎవరన్నరు అన్నా?

కొనేసిన. తిట్టు.

అకీల్

* * *

భూపాలపల్లి
నవంబర్

అకీల్,

తిట్టనీకే కూర్చున్న.

బాయిలర్ అంటే లోపల ఆవిరిని పట్టి ఉంచేది. లోపలి నుంచి తోస్తే ఇనుము తన గుండ్రాన్ని తానే సరిచేసుకుంటది. బయటి నుంచి తోస్తే అట్ల కాదు, గుండ్రం ఎక్కడ రవ్వంత తప్పిందో వెతికి అక్కడనే మడత పెడతది. నీ ట్యాంకు అట్లనే పోయింది. ఆవిరికి ఆగింది గదా నీళ్లకు ఆగదా అనుకుంటున్నవు చూడు, ఆ మాట మీద నువ్వు చస్తవ్.

ఆగాలంటే లోపల రింగులు పడాలె. మా గని దారిలో ఇనుప కమాన్లు నిలబెట్టినట్టు, జానెడు జానెడుకు ఒకటి. రేకుకు రింగు అంతటా ఆనాలె, సందు ఉండొద్దు.

చూసినవా? వద్దని రాయనీకే కూర్చొని నీకు రింగులు చెప్తున్న. నా చెయ్యి కూడా నా మాట వింటలేదు.

సరే, నిజం రాస్త. కణుపు లేని టేకు దొరకదని తెలిసే అడిగిన. నువ్వు వెతికి వెతికి ఇసుగు పుట్టి వదిలేస్తవనుకున్న. మొండోనివని మర్చిపోయిన.

అకీల్, నాకు ఇప్పుడు ఫోన్ చేసేటోళ్లు లేరు. అరుగు మీద కూర్చుంటే మనుషులు వచ్చి, చెయ్యూపి, పోతరు. చెవిటోనితో ఎంతసేపు అరుస్తరు పాపం. చెవిలో మిషన్ పెడితే చీము కారుతది, దవాఖానలో వద్దన్నరు. పెద్ద కాగితం నిండా నాతో మాట్లాడేటోనివి నువ్వొక్కనివే. నువ్వు ఆ గుంతలో పోతే నాకు మాటలు అయిపోతయి. అందుకే వద్దంటున్న. ఇంకేం లేదు.

దేవ్యా

* * *

మహబూబాబాద్
జనవరి

అన్నా,

నీ ఉత్తరం చదివి షాపు షట్టర్ దించిన.

తర్వాత రింగులు వేసిన. నువ్వు చెప్పినట్టే, జానెడు జానెడుకు ఒకటి. కిటికీకి ఒక దిక్కు కోసి, గాజు లెక్క ఉండే మందపాటి యాక్రిలిక్ పలక బిగించిన. కింద బరువుకు పాత రైలు పట్టా ముక్కలు. అటూ ఇటూ పోనీకే రెండు చిన్న బోరు మోటర్లు. డ్రమ్ము ఇప్పుడు జనగామలో జయపాల్ క్వారీ గట్టు మీద ఉంది. మబ్బు రంగు వేసిన. గుల్షన్ వచ్చి చూసి, లోపల కూర్చోనీకే పాత పరుపు కుట్టిస్తనన్నది.

ఇంకో మాట. మనం ఉత్తరాల్లో ఏం దాచినా, గుల్షన్, కమ్లీ వదిన ఫోన్లో మాట్లాడుకుంటరు గదా, అన్నీ బయట పడతయి. వదిన చెప్పిందట: "పొయ్యి కాడ నేను పాట పాడుకుంట ఉంటే నా మూతి దిక్కే చూస్తడు. నీ గొంతు ఎట్లుండేదో యాది తప్పుతున్నది కమ్లీ అంటడు. నాకు ఏడుపొస్తది." ఇది నువ్వు నాకు రాయలేదు.

నువ్వు రావాలె అన్నా. కొత్త కప్పు కింద మనుషులు అడుగుపెట్టే ముందు గనిలో ఒకడు కట్టెతో కప్పును కొట్టి, విని, బాగుందా లేదా చెప్తడని నువ్వే అంటవు. ఆ పని నువ్వు ఎన్నేండ్లు చేసినవు! నా డబ్బాను కూడా కొట్టి చెప్పు.

అకీల్

* * *

భూపాలపల్లి
జనవరి

అకీల్,

చెవులు లేనోడు కప్పు కొట్టొద్దు. అది గని కట్టుబాటు. విననోడు బాగుందని చెప్తే మనుషులు చస్తరు. నేను రాను. నువ్వు దిగకు.

దేవ్యా

* * *

మహబూబాబాద్
ఫిబ్రవరి

అన్నా,

సరే, రాకు. శివరాత్రి పోయినంక వచ్చే ఆదివారం దిగుతున్న. ఎవరూ కొట్టి చూడని కప్పు కింద కూర్చుంట. నీకు చెప్పిన, నా బాధ్యత అయిపోయింది.

అకీల్

* * *

భూపాలపల్లి
మార్చి

అకీల్,

శనివారం క్వారీ గట్టు మీద నుంచి నీకు ఒక్క మాట చెప్పకుండా కమ్లీని తీసుకొని బస్సెక్కిన. నువ్వు "పాసా, ఫెయిలా" అని చేతులూపుకుంట వెనక రోడ్డు దాకా ఉరికొచ్చినవు. చెప్పనీకే నా దగ్గర గొంతు లేకుండె అప్పుడు. ఇప్పుడు రాస్త. ఇది చదివేదాకా నిన్ను దింపనని జయపాల్‌తో ఒట్టేయించుకొనే పోయిన, నీ మీద నమ్మకం లేక.

నువ్వు బెదిరించినవని వచ్చిన, నిన్ను నాలుగు తన్నాలని వచ్చిన. కప్పు కొట్టే కట్టె మాత్రం తెచ్చిన. ఎందుకు తెచ్చిన్నో తెల్వదు, గని పని నుంచి దిగిపోయినప్పటి నుంచి అది తలుపు సందులోనే ఉంటది. నువ్వు నన్ను డ్రమ్ము పక్కన కూర్చోబెట్టి, స్క్రూడ్రైవర్ తెచ్చి, చిన్నపిల్లగాని తల పట్టుకున్నట్టు నా తల పట్టుకొని, పిడిని చెవి వెనక ఒత్తినవు. "కొట్టు" అని సైగ చేసినవు. నీ సంతోషానికని కొట్టిన.

ఖంగుమన్నది.

నేను ముందుగాల నమ్మలేదు. మళ్లీ కొట్టిన. మళ్లీ ఖంగ్. పదేండ్లయింది అకీల్. పదేండ్ల నుంచి నా కట్టెకు సప్పుడు లేదు, నా చెప్పులకు సప్పుడు లేదు. నా దగ్గుకు తప్ప దేనికీ సప్పుడు లేదు. చినిగింది చెవి పొర, ఎముకకు ఏం కాలేదని నాకు ఎవ్వరూ చెప్పలేదు. చెప్పిండ్రేమో, నాకు వినబడలేదేమో.

అప్పుడు నువ్వు నవ్వుతున్నవు. నేను డ్రమ్ము చుట్టూ తిరుగుకుంట కొడుతున్న, నీకు ఆటలెక్క కనబడ్డది. ఆట కాదు. పని చేస్తున్న. ముందు మూత, ఖంగ్. నడుము, ఖంగ్. కిటికీ కింద ఎడమ దిక్కు, రెండు జానల అవతల, దద్. మళ్లీ కొట్టిన, దద్. గనిలో కప్పు అట్ల పలికితే ఆ కింద చాయ్ కూడా తాగం.

అక్కడ కోసి చూడు. ఇది నా తీర్పు. కోసేదాకా ఫెయిలే.

ఇనుము మాట్లాడదని నేను రాసింది తప్పు. మేము కట్టెను చెవితో విన్నం, ఇనుమును ఎముకతో వినాలని మాకు ఎవరూ చెప్పలేదు.

దేవ్యా

* * *

మహబూబాబాద్
మార్చి చివర

అన్నా,

కోసిన. నువ్వు చెప్పిన చోటనే.

రింగు రేకుకు ఆనలేదు. పైన వెల్డింగ్ నున్నగా, అద్దం లెక్క ఉంది, లోపల బోలు. వేలు దూరేంత సందు. నేను చేసిన పనే, వేరే ఎవరినీ అననీకే లేదు. ఆ ఆదివారం నేను దిగి ఉంటే గోర్లు గోర్లుగా బరువు వచ్చి సరిగ్గా అక్కడ కూర్చునేది. ఆ ముక్క చేతిలో పట్టుకొని కూర్చున్న. గుల్షన్‌కు చూపించలేదు. నువ్వు కమ్లీ వదినకు చెప్తే చెప్పు, ఎట్లన్నా తెలుస్తది.

రింగు మొత్తం తీసి మళ్లీ వేసిన. నేనే స్క్రూడ్రైవర్ పెట్టి అంతటా విన్న, ఇప్పుడు ఖంగుమంటున్నది. మనుషులు లేకుండా రాళ్లు నింపి యాభై అడుగులకు దింపి పొద్దంతా ఉంచినం. చుక్క రాలేదు.

రెండో సీటు నీదే అన్నా. మొదటి నుంచి నీదే. ఇద్దరు పట్టేంత డబ్బా అని మొదటి ఉత్తరంలోనే రాసిన, నువ్వు చూసుకోలేదు.

అకీల్

* * *

భూపాలపల్లి
ఏప్రిల్

అకీల్,

తాడు కట్టి క్రేన్‌తో దింపితే సబ్‌మెరైన్ ఎట్లయితదిరా, బావిలో బొక్కెన అయితది. మొన్న మనం దిగినప్పుడు ఈ మాట అక్కడనే అందామనుకున్న. నువ్వు కిటికీకి ముక్కు ఆనించి రెప్ప కొట్టకుండా చూస్తుంటే అనబుద్ధి కాలేదు.

మూత బిగించినప్పుడు నాకు భయమైంది. గని పని నుంచి దిగిపోయినప్పటి నుంచి మూసిన జాగలో నేను పండుకోను, వాకిట్లోనే మంచం. డబ్బా క్రేన్ తాడు మీద సగం మునిగి ఆగి ఉన్నది, నువ్వు ఏవో స్విచ్చులు చూసుకుంటున్నవు. నేను కండ్లు మూసి తలను ఇనుముకు ఆనించిన, మెల్లగా ఊపిరి తీసుకుందామని.

ఎవరో ఆడమనిషి మాట్లాడుతున్నది.

ఇంత దగ్గర! ఎవరీమె అనుకున్న. కొంచెం బొంగురు గొంతు, పెద్ద వయసు మనిషి. కిటికీలో నుంచి చూస్తే కమ్లీ. గట్టు మీద వంగి, నుదురు డబ్బాకు ఆనించి ఉన్నది. అట్ల చెయ్యమని గుల్షన్ చెప్పిందట, నీ పనే అయి ఉంటది. మా లంబాడీ బాసలో అంటున్నది: "జల్ది రా. భయం అనిపిస్తే నన్ను పిలువు. బువ్వ తెచ్చిన, సల్లారిపోతది."

నాకు యాది ఉన్న గొంతు పదేండ్ల కిందటిది అకీల్. నేను వినని పదేండ్లలో ఆమె గొంతు నేను లేకుండానే ముసలైంది. గుర్తుపట్టకపోతిని! దానికి ఏడ్చిన నేను. నువ్వు భయమనుకొని నా భుజం తట్టినవు.

తర్వాత దిగినం. నువ్వు ఎండను చూసినవు. అది మెల్లగా ఆకుపచ్చగా, తర్వాత నీలంగా అయి, కింద మనం చిన్నప్పుడు చూసిన రాతి మెట్ల మీద ఆగింది. ఉలి గీతలు అట్లనే ఉన్నయి. ఒక చేప వచ్చి మనల్ని చూసి నచ్చక పోయింది. నువ్వు ఏదో అంటనే ఉన్నవు, నీ పెదిమలు కదులుతున్నయి, నీ కండ్ల నిండా నీళ్లు. నేను ఎండను తక్కువ చూసిన, ఇనుమును ఎక్కువ విన్న. ముప్పై అడుగుల కాడ టిక్కుమన్నది, నువ్వు అదిరిపడ్డవు. అది సర్దుకునే మాట. మంచి మాట. అందుకే చెయ్యెత్తి కూర్చోమన్న.

కింద చీకటి తప్ప ఏం లేదని రాసిన గదా నీకు. కొట్టేసుకో ఆ మాట.

ఒక్కటి అడుగుత. రింగులు కోసినంక మిగిలిన ఇనుప సీకు ముక్క ఉంటే పంపు. మూరెడు చాలు. మొనలు నున్నగా అరగదియ్యి.

దేవ్యా

* * *

మహబూబాబాద్
మే

అన్నా,

భూపాలపల్లి బస్సు డ్రైవర్‌కు ఇచ్చి పంపిన, బస్టాండ్‌లో తీసుకో. మొనలకు రబ్బరు తొడిగిన. వరంగల్‌లో చెవుల డాక్టర్‌ను అడిగిన, ఎముకకు ఆనించే మిషన్ కూడా ఉంటదట. ఎప్పుడు పోదాం?

డబ్బాకు ఏం పేరు పెట్టాలని జయపాల్ అడుగుతున్నడు. బొక్కెన అని రాయించిన.

అకీల్

* * *

భూపాలపల్లి
మే

అకీల్,

సీకు ముట్టింది. డాక్టర్ దగ్గరికి వానలు పడ్డంక పోదాం, తొందర లేదు.

ఒక మొన నా చెవి వెనక, ఒక మొన కమ్లీ గొంతు మీద. వాకిట్లో మంచం మీద ఇట్ల కూర్చుంటే పోయేటోళ్లు వచ్చేటోళ్లు నిలబడి చూస్తున్నరు. చూడనీ. మొదటి రోజు పాట పాడుతదనుకున్న. పాడలేదు. పదేండ్ల నుంచి నాకు వినబడక ఆగిపోయిన తిట్లు ఉన్నయట, అవి అయినంకనే పాట అన్నది. రోజూ పొద్దుగూకంగ కొన్ని వింటున్న. ఈ ఊర్లో నా అంత సుఖంగా తిట్లు తినేటోడు లేడు.

ఇంకా రాద్దుననుకున్న గాని ఆపుతున్న. నేను రాసుకుంట కూర్చున్నానని ఆమె సీకు మొన తెచ్చి నా చెవి వెనక పెట్టింది. కమ్లీ పిలుస్తున్నది.

దేవ్యా